చారిత్రక భవనంలో క్రిస్మస్ దారపు బొమ్మలాట: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఏది తేల్చుకోవాలి: కథా, బొమ్మలా, గదా?

గది. కొత్తగా దిగేవాళ్లు చాలామంది కథతో మొదలుపెడతారు, ఆనక గదికి సరిపడక కథను కోసుకుంటూ కూర్చుంటారు. దారపు బొమ్మ (మారియొనెట్) అసలే చిన్నది. 50 సెంటీమీటర్ల బొమ్మ తల ఎటు తిప్పిందో ఎనిమిది మీటర్ల అవతల కూర్చున్న పిల్లవాడి కంటికి ఆనదు. అందుకే భవనంలో అన్నిటికన్నా పెద్ద హాలు ఇస్తామన్నా ఒప్పుకోకండి. 5 × 8 మీటర్ల గది దొరికితే అదే మేలు. రాతి గోడల పెద్ద హాల్లో మాట గింగురుమని తిరిగొస్తుంది, బొమ్మ చీమంత కనిపిస్తుంది.

గది చూడటానికి వెళ్లినప్పుడు టేపు వెంట తీసుకెళ్లండి. గది కొలతలతో పాటు వేలాడే షాండ్లియర్ అడుగుభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, తలుపుల వెడల్పెంతో, మెట్ల మలుపులో రెండు మీటర్ల పలక తిరుగుతుందో లేదో, ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయో రాసుకోండి. వీలైతే కింది అంతస్తులోని గదే అడగండి. బరువులు మోసే బాధ తప్పుతుంది, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకూ, పిల్లల బండ్లతో వచ్చేవాళ్లకూ దారి ఉంటుంది.

వేదిక ఏ గోడ వైపు పెట్టాలి? ఫైర్‌ప్లేస్ ముందు పెడితే అందంగా ఉంటుంది కదా?

ఫొటోకి అందంగా ఉంటుంది, బొమ్మలకు మాత్రం అది శత్రువు. నిప్పు లేకపోయినా పాత చిమ్నీ గాలిని లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడికి దారాలు ఊగుతాయి, కదలకుండా నిలబడాల్సిన మరియ బొమ్మ తూలుతున్నట్టు కనిపిస్తుంది. కిటికీ ముందు పెట్టినా చిక్కే. వెనక నుంచి వెలుతురు పడి బొమ్మ ముఖం నల్లబడుతుంది. కిటికీలు పక్కన ఉండేలా, తలుపులు ప్రేక్షకుల వెనక ఉండేలా చూసుకోండి.

ఒక చిన్న పరీక్ష చేయండి. మీరు అనుకున్న చోట ఒక బొమ్మను స్టాండుకి వేలాడదీసి, ప్రదర్శన రోజున తలుపులు ఎలా ఉంటాయో అలాగే ఉంచి పావుగంట చూడండి. బొమ్మ తనంతట తానే తిరుగుతుంటే ఆ చోటు వదిలేయండి.

వేదిక కొలతలు ఎలా ఉండాలి?

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. కింది లెక్కలు 50 సెంటీమీటర్ల బొమ్మలకూ, ఇద్దరు ఆడించేవాళ్లకూ సరిపోతాయి.

బొమ్మలు నడిచే నేల గది నేల కన్నా 40 సెంటీమీటర్ల ఎత్తు. ముందు చట్రం తెరుచుకునే వెడల్పు 2 మీటర్లు, ఎత్తు 70 సెంటీమీటర్లు. బొమ్మలు ఆడే లోతు 60 సెంటీమీటర్లు, అంతకు మించితే చేయి అందదు. దాని వెనక, బొమ్మల నేల నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తున తెర, ఆ తెర పై అంచున గట్టి ఆనుడు కర్ర. దాని వెనక ఆడించేవాళ్లు నిలబడే మంచె, బొమ్మల నేలతో సమానమైన ఎత్తులోనే, 75 సెంటీమీటర్ల లోతుతో. మంచె వెనక మీటరు ఎత్తున ఇంకో అడ్డకర్ర తప్పనిసరి. ఆట ధ్యాసలో వెనక్కి అడుగేసే మనిషిని ఆపేది అదే. చట్రం పైన నల్లగుడ్డ రెండున్నర మీటర్ల ఎత్తుదాకా లేస్తే ఆడించేవాళ్ల చేతులు, తలలు కనబడవు.

వేదిక ఎత్తుగా ఉంటే అందరికీ బాగా కనిపిస్తుందని 70, 80 సెంటీమీటర్లకు లేపుతారు. అప్పుడు నేల మీద కూర్చున్న పిల్లల చూపు కింది నుంచి పైకి వెళ్లి, వెనక తెర మీదుగా ఆడించేవాళ్ల నడుములకు తగులుతుంది. ముందు వరుసను వేదికకు మరీ దగ్గరగా కూర్చోబెట్టినా అంతే. పై కొలతల్లో మొదటి వరుస రెండు మీటర్ల దూరంలో ఉంటే, పిల్లల చూపు సరిగ్గా తెర అంచు దగ్గర ఆగుతుంది. చట్రం బిగించాక మీరే వెళ్లి పిల్లలు కూర్చునే చోట, వాళ్ల కంటి ఎత్తుకు వంగి చూడండి. నిలబడి చూసి బాగుందనుకోవడం వల్ల లాభం లేదు. ఏం చేసినా ఆడించేవాళ్లు మెడ నుంచి మణికట్టు దాకా నల్లబట్టలే వేసుకోవాలి.

మంచె పలకల మధ్య ఫెల్టు ముక్కలు వేయకపోతే కిర్రుకిర్రుమంటుంది. నిశ్శబ్దమైన రాత్రి దృశ్యంలో ఆ చప్పుడు కథను చంపేస్తుంది.

మంచె కట్టే వీలు లేకపోతే?

మంచె లేకుండానే ఆడవచ్చు. నల్లబట్టల్లో గది నేల మీదే నిలబడి, అందరికీ కనబడుతూ ఆడించండి. రెండు మూడు నిమిషాల్లో పిల్లల చూపు మనిషిని వదిలి బొమ్మకు అతుక్కుంటుంది, అయితే మీ చూపు కూడా బొమ్మ మీదే ఉండాలి. మీరు ప్రేక్షకుల వైపు చూశారో, వాళ్లు మిమ్మల్నే చూస్తారు.

ఎంతమంది పడతారు?

5 × 8 మీటర్ల గదిలో 40 నుంచి 45 మంది. ముందు చాపల మీద పిల్లలు మూడు వరుసలు, వెనక కుర్చీల్లో పెద్దలు మూడు వరుసలు. అసలు లెక్క మాత్రం భవనం నిర్వాహకులది. పాత చెక్క నేల ఎంత బరువు ఆపుతుందో, అత్యవసరంగా బయటికి వెళ్లే దారులు ఎంతమందికి సరిపోతాయో చూసి వాళ్లే ఒక అంకె చెబుతారు. పై అంతస్తులో ఆడితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ముప్పైమంది పిల్లలు ఒక్కసారి ఎగిరితే పాత నేల ఊగుతుంది, ఆ ఊపు కింది గది సీలింగు అలంకారాల దాకా పోతుంది. అలాంటి చోట గంతులేయించే పాటలు పెట్టవద్దు, చప్పట్ల పాట చాలు.

భవనానికి నష్టం జరగకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మేకు, స్క్రూ, టేపు, బ్లూట్యాక్ (కాగితాలు అతికించే జిగురుముద్ద) ఏదీ గోడకు, చెక్కపనికి, తలుపు చట్రానికి తగలకూడదు. టేపు తీసినప్పుడు వందేళ్ల రంగు పొర దానితో పాటే ఊడి వస్తుంది. వేదిక తన కాళ్ల మీద తానే నిలబడాలి. కాళ్ల కింద ఫెల్టు, దాని కింద ప్లైవుడ్ ముక్క వేసి బరువు పంచండి. గోడకు, సామానుకు కనీసం మీటరు దూరం పాటించండి. సామాను జరపాలంటే మీరు ముట్టుకోకండి, సిబ్బందిని పిలవండి.

కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీ ఎల్‌ఈడీ దీపాలు చాలు. పొగ యంత్రం కూడా వద్దు. అది స్మోక్ అలారాన్ని మోగిస్తుంది, దాని ద్రవం సన్నటి పొరగా వస్తువుల మీద పేరుకుంటుంది. మెరుపు పొడి, కాగితపు మంచు నేలచెక్కల సందుల్లోకి దూరితే ఏళ్ల తరబడి బయటికి రావు. మంచు కురవాలంటే నల్ల నెట్‌గుడ్డకు తెల్ల ఉన్ని చుక్కలు కుట్టి నెమ్మదిగా కిందికి దించండి. దూరం నుంచి చూస్తే నిజంగానే మంచులా ఉంటుంది, ఒక్క రేణువూ రాలదు.

పచ్చికొమ్మలు, గడ్డి, నాచు తెచ్చేముందు తప్పకుండా అడగండి. వాటితో పాటు పురుగులు వస్తాయి. పశువుల పాకకు నిజమైన గడ్డి బదులు రాఫియా నార వాడితే సరిపోతుంది. తినుబండారాలు ఈ గదిలో వద్దు, వేరే గదిలో ఏర్పాటు చేయమనండి.

లైట్లు ఎలా పెట్టాలి?

రెండు వైపుల నుంచి, 45 డిగ్రీల కోణంలో, చట్రం లోపలికి మాత్రమే పడేలా. రెండు 30 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు, అడుగున ఒక చిన్న నీలం లైటు ఉంటే ఈ ఆటకు చాలు. ఎదురుగా లైటు వేస్తే ప్రతి దారమూ మెరుస్తుంది, వెనక తెర మీద నీడలు పడతాయి.

నేతబట్టలు, కాగితం, వాటర్‌కలర్ చిత్రాల మీద వెలుతురు 50 లక్స్ (పడే వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకూడదనీ, ఆయిల్ పెయింటింగుల మీద 200 లక్స్ దాటకూడదనీ మ్యూజియంలు పాటించే లెక్క. గోడకు పాత టాపెస్ట్రీ (చిత్రాలు నేసిన గోడగుడ్డ) ఉంటే మీ లైటు దాని మీద పొరపాటున కూడా పడకూడదు. ఫ్లాష్ వేయవద్దని ప్రేక్షకులకు మొదట్లోనే చెప్పండి.

పాత భవనాల వైరింగు మీద నమ్మకం పెట్టుకోకండి. ఏ పాయింటు మీద ఎంత లోడు వేయవచ్చో అడిగి, సౌండుతో సహా అన్నీ కలిపి 500 వాట్ల లోపు ఉంచండి.

ఎన్ని బొమ్మలు కావాలి? క్రీస్తు జనన కథకైతే చాలా పాత్రలు ఉంటాయి కదా?

ఇద్దరు ఆడించేవాళ్లుంటే ఒక సమయంలో వేదిక మీద రెండే కదిలే బొమ్మలు. మిగతావి నిలబడి ఉండాలి, లేదా జంటగా కదలాలి. ఈ పరిమితిలోనే చక్కటి ఉపాయాలు పుట్టుకొస్తాయి. ముగ్గురు జ్ఞానులను ఒకే అడ్డకర్రకు వేలాడదీస్తే ఒక్క మనిషే నడిపిస్తాడు, కర్ర ఒక కొస నుంచి ఇంకో కొసకు ఊపితే ముగ్గురూ వంతులవారీగా వంగి నమస్కరిస్తారు. గొర్రెకు నాలుగు దారాలు చాలు: తలకు రెండు, వీపుకు ముందొకటి వెనకొకటి. నక్షత్రం ఒక సన్నటి కడ్డీకి. బాలయేసుకు దారాలే వద్దు, పశువుల తొట్టిలో స్థిరంగా ఉండనివ్వండి. ఆ బొమ్మ కదలకపోవడమే అక్కడి అందం.

దేవదూత పై నుంచి దిగాలి. మామూలు బొమ్మలా భుజాలకు దారాలు కడితే ఉరి తీసినట్టు నిట్టనిలువుగా వేలాడుతుంది. వీపు మధ్య రెండు, నడుము దగ్గర ఒకటి, మడమలకు ఒకటి కట్టి ఒళ్లు ముందుకు వాలేలా చూడండి. అప్పుడే ఎగురుతున్నట్టుంటుంది.

మరియ, యోసేపు, ఒక కాపరి, దేవదూత, జ్ఞానుల గుంపు, గాడిద, రెండు గొర్రెలు: ఎనిమిది కంట్రోళ్లతో (దారాలన్నీ కట్టి, ఆడించేవాళ్లు చేత్తో పట్టుకునే కర్రలతో) అరగంట కథ నడుస్తుంది.

ఒక బొమ్మకు ఎన్ని దారాలు? ఏ దారం వాడాలి?

నిలబడి నడిచే బొమ్మకు తొమ్మిది: తలకు రెండు (చెవుల పైన), భుజాలకు రెండు, చేతులకు రెండు, మోకాళ్లకు రెండు, నడుము వెనక ఒకటి. బరువంతా మోసేది భుజాల దారాలు. తల దారాలు బరువు మోస్తున్నాయంటే బొమ్మ తల తిప్పలేదు, వంచలేదు.

దారం జడలా అల్లిన పాలియెస్టర్ ఫిషింగ్ లైన్, నల్లటిది, పది కేజీల బరువు ఆపగలిగింది తీసుకోండి. ఒంటిపోగు నైలాన్ తీగ పారదర్శకం కదా అని కొంటారు, అది లైటులో మెరుస్తుంది, సాగుతుంది, చుట్ట చుట్టుకుపోతుంది. నూలు దారమైతే గాలిలో తేమను బట్టి పొడవు మారుతుంది. చలికాలంలో చల్లటి వ్యాను నుంచి హీటరు పెట్టిన గదిలోకి వచ్చేసరికి ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది. ముడి వేసే ముందు దారానికి తేనెమైనం పట్టిస్తే ముడి జారదు.

కట్టే వరుస ముఖ్యం. కంట్రోల్‌ను ఆడించే ఎత్తులో, అంటే బొమ్మ నేల నుంచి 105 సెంటీమీటర్ల పైన స్టాండుకి వేలాడదీయండి. ముందు భుజాలు, పాదాలు నేలకు సరిగ్గా ఆనేలా. తర్వాత తల, ఆ తర్వాత నడుము. చివర్లో మోకాళ్లు, చేతులు కొద్దిగా వదులుగా. మోకాళ్ల దారాలు బిగుతుగా ఉంటే బొమ్మ కుంగినట్టు నిలబడుతుంది. మొదట కంట్రోల్ దగ్గర విప్పగలిగే ముడులే వేసి, ఒక రోజంతా ఆడించి చూశాక శాశ్వత ముడి వేయండి, ఒక చుక్క జిగురు పెట్టండి.

మా బొమ్మ నడవడం లేదు, తేలుతోంది. ఎందుకు?

రెండు కారణాల్లో ఒకటి, చాలాసార్లు రెండూ. మొదటిది, చేయి అలసి కంట్రోల్ పైకో కిందికో జారడం. పైకి జారితే పాదాలు నేల వదులుతాయి, కిందికి జారితే మోకాళ్లు మడతపడతాయి. మోచేతిని ఒంటికి ఆనించి పట్టుకోండి, ఎదురుగా అద్దం పెట్టుకుని సాధన చేయండి. రెండోది బరువు. 50 సెంటీమీటర్ల బొమ్మ 700 నుంచి 900 గ్రాములు తూగాలి, అందులో ఎక్కువ భాగం నడుము కింద ఉండాలి. తేలికైన బొమ్మ ఆడించడానికి సులువనుకోవడం పొరపాటు. బరువు లేనిదే దారం బిగువుగా ఉండదు, దారం బిగువుగా లేనిదే మీ వేలి కదలిక బొమ్మ దాకా చేరదు. ఒక్కో పాదానికి 40 నుంచి 60 గ్రాములు, తుంటికి దానికి రెట్టింపు చేర్చి చూడండి. పిల్లల చేయి ఎప్పుడైనా తగలవచ్చు కాబట్టి సీసం వాడకండి, ఇనుప వాషర్లు పెట్టండి.

నడక అంటే మోకాళ్లు ఎత్తడం ఒక్కటే కాదు. ముందు ఒళ్లు కాస్త ఒరగాలి, తర్వాత అడుగు పడాలి. మనుషులూ అలాగే నడుస్తారు.

ఆట మధ్యలో దారాలు చిక్కుపడితే?

లాగకండి. లాగితే వదులు చిక్కు బిగుసుకుంటుంది. ఆ బొమ్మను ఉన్నచోటే నిలబెట్టి, మాట రెండో బొమ్మకు అందించి, నెమ్మదిగా పక్కకు తీసుకెళ్లండి. ఇందుకోసమే కథలో కాపరి ఎప్పుడైనా వచ్చి పాడగలిగే ఒక నిమిషం పాట దాచుకోవాలి. పిల్లల చేత కూడా పాడిస్తే వెనక ఏం జరుగుతోందో ఎవరూ పట్టించుకోరు.

చిక్కులు పడేది ఎక్కువగా మూడు చోట్ల. ఇద్దరు ఆడించేవాళ్లు ఒకరినొకరు దాటేటప్పుడు, బొమ్మను కొక్కేనికి తగిలించే తొందరలో, దుస్తులకు స్థిర విద్యుత్తు పట్టినప్పుడు. దాటే ప్రతి సందర్భంలో ఎవరి చేయి పైన, ఎవరిది కింద అన్నది స్క్రిప్టులో రాసుకోండి, అక్కడికక్కడ తేల్చుకుంటే కుదరదు. మంచె వెనక అడ్డకర్రకు 25 సెంటీమీటర్ల దూరంలో కొక్కేలు పెట్టి, ఏ బొమ్మ ఏ కొక్కెమో పేరు అతికించండి. చీకట్లో చేయి అలవాటు మీదే వెళ్లాలి. నైలాన్ బట్టలు హీటరు పెట్టిన పొడి గదిలో దారాలను లాక్కుంటాయి. నూలు బట్టలు వాడండి.

ప్రదర్శన ఎంతసేపు ఉండాలి?

30 నిమిషాలు. మూడేళ్ల పిల్లలు ఉంటే 25. విరామం వద్దు, విరామం తర్వాత పిల్లల్ని మళ్లీ కూర్చోబెట్టడానికే పది నిమిషాలు పోతుంది.

మాటలు ముందే రికార్డు చేయాలా, అప్పటికప్పుడు చెప్పాలా?

వీలైతే అప్పటికప్పుడే. పిల్లలు బొమ్మతో మాట్లాడతారు, బొమ్మ జవాబివ్వాలి. మూడో మనిషి వేదిక పక్కన కూర్చుని కథ చెబుతూ, లైటు, సంగీతం చూసుకుంటే ఆడించేవాళ్లకు ఊపిరాడుతుంది. ఏ బొమ్మ మాట్లాడుతోందో అదే కదలాలి, తక్కినవి దాని వైపు తిరిగి స్థిరంగా ఉండాలి. అన్నీ కదిలితే గొంతు ఎవరిదో పిల్లలకు తెలియదు.

పాత క్రిస్మస్ పాటలకు అనుమతి కావాలా?

శతాబ్దాల నాటి పాటల బాణీలను మీరే వాయించి పాడుకుంటే సాధారణంగా చిక్కు ఉండదు. అదే పాట కొత్త రికార్డింగు వాడితే, కొత్త అనువాదం పాడితే హక్కులు వేరే ఉంటాయి. ఒక గొంతు, ఒక చిన్న అకార్డియన్ ఉంటే చాలు, ఈ గదులకు అవే అందం.

ఇంత పవిత్రమైన కథను బొమ్మలతో ఆడటం తగునా?

తగును, చాలాకాలంగా జరుగుతున్నదే. మారియొనెట్ అన్న ఫ్రెంచి మాటలోనే మరియ పేరు ఉంది. ఇటలీ సాధువు అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో గ్రెచ్చో అనే ఊళ్లో పశువుల తొట్టి దృశ్యాన్ని ప్రజల కళ్ల ముందు నిలిపాడు. ఉక్రెయిన్‌లో వెర్టెప్, బెలారుస్‌లో బాట్లెయికా, పోలండ్‌లో షోప్కా అనే బొమ్మల పెట్టెల ఆటలు క్రిస్మస్ కథను ఇంటింటికీ చేర్చాయి. స్పెయిన్‌లోని అల్కోయ్ పట్టణంలో క్రీస్తు జనన బొమ్మలాట ఇప్పటికీ సాగుతోంది. గొప్పవాళ్ల భవనాలకూ బొమ్మలకూ పాత చుట్టరికమే. హంగరీలోని ఎస్టర్‌హాజా మహలులో 1773లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా వచ్చినప్పుడు సంగీతకర్త హైడెన్ సంగీతంతో బొమ్మల ఒపేరా ఆడారు. ఇటలీలో మజ్జోరె సరస్సు నడుమ ఇజోలా మాద్రే భవనంలో ఆనాటి బొమ్మలు, వేదికల తెరలు ఈనాటికీ చూడవచ్చు.

ఒకటి మాత్రం చెప్పాలి. నవ్వు కాపరుల దగ్గర, గాడిద దగ్గర పుట్టనివ్వండి. తొట్టి దగ్గరికి వచ్చేసరికి అన్ని బొమ్మలూ నెమ్మదించాలి.

సాధనకు ఎంత సమయం కావాలి?

చేయి తిరిగినవాళ్లకు మూడు వారాలు. కొత్తవాళ్లకు ఎనిమిది వారాలు, వారానికి నాలుగైదు గంటలు. మొదటి రెండు వారాలు కథ జోలికి పోకుండా నిలబడటం, నడవడం, కూర్చోవడం, చూడటం మాత్రమే చేయండి. ఆఖరి రెండు సాధనలు అసలు కొలతల మంచె మీద, నల్లబట్టల్లో, చీకట్లో.

ఆ రోజు సమయం ఎలా పంచుకోవాలి?

బిగించడానికి మూడు గంటలు, విప్పడానికి గంటన్నర. బొమ్మలను సంచుల్లోనే ఉంచి గంట సేపు గది వేడికి అలవాటు పడనివ్వండి. చలి నుంచి వచ్చిన వెంటనే సంచి తెరిస్తే రంగు మీద చెమ్మ పడుతుంది, కొయ్య కీళ్లు బిగుసుకుంటాయి. రోజుకు రెండు ఆటలు హాయి, మూడు గరిష్ఠం, మధ్యలో కనీసం గంట. కిలోకు దగ్గరి బరువును చేయి చాచి పట్టుకోవడం మొదటి ఆటలో తెలియదు, మూడో ఆటలో భుజం చెబుతుంది.

ప్రతి ఆటకు ముందు ఒక్కో దారాన్ని వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుకు తగిలిన దారం ఆ రోజే తెగుతుంది. విడి దారం, కత్తెర, పెద్ద కన్ను సూది, మైనం, అదనపు కొక్కేలు చేతికందే పెట్టెలో ఉండాలి.

చిన్నపిల్లలు భయపడితే? వేదిక దగ్గరికి పాకుతూ వస్తే?

బాలయేసును చంపాలని చూసిన హేరోదు రాజును భీకరంగా చేయకండి, లేదా ఆ పాత్రను మాటల్లోనే ముగించండి. ఉన్నట్టుండి చీకటి చేయవద్దు, లైటు పది సెకన్లలో మెల్లగా తగ్గాలి. పాకే పిల్లల కోసం చాపల ముందు ఒక మందపాటి తాడు పరచండి, "ఇది నది, అవతల బొమ్మల ఊరు" అని కథ చెప్పే మనిషి మొదట్లోనే చెబితే చాలామంది దాటరు. దాటిన పిల్లవాణ్ణి అతని పెద్దలే తీసుకెళ్లాలి, ఆటను ఆపకండి.

ఆట అయ్యాక పిల్లల్ని బొమ్మలను ముట్టుకోనివ్వవచ్చా?

ఆడిన బొమ్మలను వద్దు. నాలుగు దారాలతో ఒక గట్టి గొర్రె బొమ్మను దీనికోసమే విడిగా చేసి తెచ్చుకోండి. మీరు కంట్రోల్ పట్టుకుని, పిల్లల చేతిని మీ చేతి మీద వేయించుకోండి. ఇద్దరిద్దరు చొప్పున, ఒక్కొక్కరికి అర నిమిషం. తక్కినవాళ్లు వరుసలో నిలబడే చోటు గోడ పక్కన కాకుండా గది మధ్యలో ఉండాలి, లేకపోతే వేళ్లు గోడగుడ్డల మీదికి పోతాయి.

బొమ్మలను ఎలా భద్రపరచాలి?

కంట్రోల్ పట్టుకుని బొమ్మను ఒకే దిశలో ఐదారుసార్లు తిప్పండి, దారాలన్నీ కలిసి ఒక్క తాడులా పేనుకుంటాయి. నూలు సంచిలో బొమ్మను దించి, మెడ దగ్గర నాడా కట్టి, కంట్రోల్ బయటే ఉంచి వేలాడదీయండి. తిప్పిన దిశ సంచి మీద బాణం గుర్తుతో రాసుకోండి, మళ్లీ విప్పేటప్పుడు దానికి ఎదురు తిప్పాలి. ప్లాస్టిక్ సంచి వాడితే చెమ్మ చేరి బట్టకు బూజు పడుతుంది. పడుకోబెట్టక తప్పకపోతే దారాల కట్టను కంట్రోల్‌కు ఒక నాడాతో బిగించి, పెట్టెలో ఒక్కో బొమ్మను వేరే అరలో పెట్టండి.